గట్టు మీద రైట్ రైట్

నాకు సైకిల్ మీద కుడివైపు తిరగడం వచ్చేది కాదు. ఈ మాట ఒప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు. తప్పు నాది కాదు, అబుదాబి శివార్లలోని మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో మా ఇంటి వెనకున్న పార్కుది. నలభై నాలుగేళ్ళ వయసులో నేను సైకిల్ నేర్చుకున్నది అక్కడే. సైకిళ్ళకి గుండ్రంగా ఒకటే బాట, దాని మీద బాణం గుర్తులన్నీ ఎడమకే తిరిగి ఉంటాయి. గుడిలో ప్రదక్షిణకి సరిగ్గా ఎదురు. మూడు నెలలు సాయంత్రాలన్నీ అలా అప్రదక్షిణంగా తిరిగేసరికి ఎడమ మలుపులు నీళ్ళు తాగినంత తేలికయ్యాయి. కుడి మలుపు వస్తే మాత్రం కిందికి దిగి, సైకిల్‌ని నడిపించుకుంటూ మలుపు దాటించి, మళ్ళీ ఎక్కేదాన్ని.

ఆ వయసులో సైకిలేమిటని స్కూల్లో టీచర్లు నవ్వారు. మా ఆయన ఇటలీ వెళ్దామన్నారు, అందుకు.

మా ఆయన ఉద్యోగం రువైస్‌లో. అబుదాబి నుంచి రెండున్నర గంటల దారి. ఒక పక్క సముద్రం, ఒక పక్క ఇసుక, చివర్న గొట్టాలూ చిమ్నీలూ. నా ఉద్యోగం ఇక్కడ, ఒక స్కూలు లైబ్రరీలో. పదకొండేళ్ళుగా ఆయన వారమంతా అక్కడ కంపెనీ క్వార్టర్లో ఉంటారు, సెలవు రోజులకి కారేసుకుని ఇక్కడికి వస్తారు. మా కాపురం వారానికి రెండు రోజులది. మావాళ్ళేమో అడిగిన వాళ్ళందరికీ "దుబాయ్‌లో ఉంటారు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. మేం ఉండేది దుబాయ్ కాదని, ఇద్దరం ఒక ఊళ్ళో కూడా ఉండమని ఎన్నిసార్లు చెప్పినా వాళ్ళకి ఎక్కదు.

కరోనా వేసవిలో దారులు మూసేశారు. ఆయన అక్కడ, నేను ఇక్కడ ఇరుక్కుపోయాం. అప్పుడే ఆయన, ఇంటికి వెళ్ళిపోతున్న ఒక సహోద్యోగి దగ్గర పాత సైకిలొకటి తీసుకుని, క్వార్టర్ల మధ్య ఖాళీ వీధుల్లో తొక్కడం మొదలుపెట్టారు. రోజూ సాయంత్రం ఫోన్‌ని హ్యాండిల్‌కి కట్టుకుని వీడియో కాల్ చేసేవారు. నాకు కనబడేది ఆయన గడ్డం, దాని వెనక తెల్లటి ఆకాశం.

"ఈ గోలంతా అయ్యాక ఏదన్నా నది పక్కన తొక్కుదాం," అన్నారొకసారి. "ఇసక చూసీ చూసీ నా కళ్ళు పోయేలా ఉన్నాయి."

నేను నవ్వేశాను. ఆ మాట తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది, నవ్వు మాత్రం రాలేదు.

మూడేళ్ళ తర్వాత ఒక శనివారం ఆయన నాకొక వీడియో చూపించారు. ఉత్తర ఇటలీలో పో అనే నది, దాని పక్కనే ఎత్తుగా మట్టి గట్టు, గట్టు మీద సన్నటి రోడ్డు, ఎటు చూసినా బల్లపరుపు నేల. "చూడు, అచ్చం మన ఏటిగట్టే," అన్నారు. మా ఇద్దరిదీ గోదావరి పక్కే. నిజంగానే అలాగే ఉంది.

"అచ్చం మనదానిలా ఉంటే మనదాని మీదే తొక్కచ్చుగా, అంత దూరం దేనికండీ?"

"మన గట్టు మీదయితే ప్రతి అర కిలోమీటరుకీ ఎవరో ఒకళ్ళు ఆపుతారు. ఎప్పుడొచ్చారు, ఎన్నాళ్ళుంటారు, కాఫీ తాగి వెళ్ళండి... సాయంత్రానికి ఒక్క ఊరు కూడా దాటం. పైగా ఇసక లారీలు."

లారీలు అన్న చోట ఆయన గొంతు కొంచెం ఆగింది. నేనది పట్టించుకోలేదు. ఇటలీలో ఏం కట్టుకోవాలా అని ఆలోచిస్తున్నాను.

పట్టించుకోవాల్సి వచ్చింది ఇంకో రెండు వారాలకి. ఫ్రిజ్ తలుపులో పచ్చిమిరపకాయల డబ్బా వెనక ఒక చిన్న కంటి చుక్కల సీసా దొరికింది. అడిగితే, "ఏసీ గాలికి కళ్ళు ఎండిపోతున్నాయిట, డాక్టరిచ్చాడు," అని చేతిలోంచి తీసుకుని మళ్ళీ అక్కడే పెట్టేశారు. ఆయన స్నానానికి వెళ్ళాక ఆ మందు పేరు ఫోన్లో వెతికాను. ఎండిన కళ్ళకి కాదు. కంట్లో ఒత్తిడి పెరిగితే వేసేది. మా వైపు నీటికాసులంటారు. మా అమ్మమ్మకి ఉండేది. మొదట పక్క చూపు పోతుంది. పోయింది మళ్ళీ రాదు.

ఆ సాయంత్రం టీ కప్పు పట్టుకుని వెళ్ళి ఆయన కుడిపక్కన నిలబడ్డాను. టీవీ చూస్తున్నారు. నేను అక్కడే ఉన్నాను. కప్పు చెయ్యి కాలుస్తోంది. ఆయన తల తిప్పలేదు. రెండడుగులు ముందుకి వేస్తే ఉలిక్కిపడి, "ఎప్పుడొచ్చావ్?" అన్నారు.

ఇప్పుడే, అన్నాను.

అడగలేదు. ఎందుకు అడగలేదని నన్ను నేను చాలా తిట్టుకున్నాను గాని, అప్పటికి నా లెక్క నాకుంది. అడిగితే ఆయన అవునంటారు. అవునంటే నేను కారు నడపొద్దనాలి. కారు ఆపేస్తే ఎందుకని కంపెనీలో అడుగుతారు. ఆయన చేసే పనికి కంటి పరీక్ష ఉంటుంది. అది తప్పితే ఉద్యోగం, ఉద్యోగంతో వీసా, అంతా ఖలాస్. ఇదంతా ఆలోచించి నోరు మూసుకున్నాను. నోరు మూసుకుని, ఒక కన్ను సరిగ్గా లేని మనిషిని ప్రతివారం ఆ రోడ్డు మీదికి పంపించాను.

శుక్రవారాలు నాకు నరకమయ్యాయి. ఆయన బయల్దేరిన దగ్గర్నుంచి ఫోన్లో మ్యాపు తెరిచి పెట్టుకునేదాన్ని. ఆయన ఉన్నచోట ఒక నీలం చుక్క కదులుతూ ఉండేది. అది కదిలినంతసేపూ నా చేతులు పనిచేసేవి, కూర తరిగేదాన్ని, బట్టలు మడతపెట్టేదాన్ని. ఆగితే కత్తి పక్కన పెట్టేసేదాన్ని. ఒకసారి చుక్క ఇరవై నిమిషాలు ఎడారి మధ్యలో ఆగిపోయింది. ఫోన్ చేద్దామంటే, ఎత్తడానికి రోడ్డు మీంచి చూపు తిప్పుతారేమోనని భయం. చివరికి చుక్క కదిలింది. కాఫీకి ఆగారట. ఇంటికొచ్చాక, "ఏం, మొహం అలా ఉంది?" అన్నారు. ఉల్లిపాయలు తరిగానన్నాను.

మా కాంపౌండ్‌లో కార్లు పెట్టేచోట రేకుల షెడ్డు, ఇనప స్తంభాలు. ఆయన వెనక్కి తీసి పెడుతుంటే నేను దిగి, వెనక నిలబడి దారి చెప్పేదాన్ని. "రైట్, రైట్, రైట్... ఆ, చాలు." కాలేజీ రోజుల్లో ఆయన ఎర్ర బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ వచ్చిన మనిషి. నన్ను కండక్టరమ్మ అని వెక్కిరించేవారు. రైట్ అంటే కుడి అని మేం ఇంగ్లీషు పుస్తకంలో చదువుకున్నాం గాని, ఒంటికి పట్టింది కండక్టరు మాటే. రైట్ రైట్ అంటే దారి ఖాళీగా ఉంది, పోనియ్. ఆ చలికాలంలో ఒకరోజు నేను రైట్ రైట్ అంటుండగానే కుడిపక్క అద్దం స్తంభానికి తగిలి విరిగింది. "చూసి చెప్పచ్చు కదా," అన్నారు. నేను అప్పుడు ఫోన్లో ఏదో మెసేజీ చదువుతున్నాను. నోరు దానంతటదే రైట్ అంటోంది.

మే నెలలో ఇటలీ వెళ్ళాం. పావియా అనే ఊళ్ళో సైకిళ్ళు అద్దెకి తీసుకున్నాం. పెట్టెల్ని వాళ్ళే తర్వాతి ఊరికి చేరుస్తారు, మనం ఒట్టి చేతులతో తొక్కుకుంటూ పోవడమే. మొదటి రోజు వరిచేలు. నీళ్ళు పెట్టిన మళ్ళు, వాటిలో కొంగలు. ఆయన సైకిలాపి, గట్టు దిగి, మట్టి తీసి వేళ్ళతో నలిపి వాసన చూశారు. చిన్నపిల్లాడిలా సంతోషంగా ఉన్నారు. నాకు ఆ సంతోషం చూస్తుంటే ఏడుపొచ్చింది. ఇవన్నీ ఇప్పుడే చూసేయాలని వచ్చారా అనిపించింది.

"నువ్వు ముందు నడు, నీ వెనకాల వస్తా," అన్నారు మొదట్లో. ఎందుకన్నారో నాకు తెలుసు. నా చక్రం వెళ్ళినచోటికి ఆయన చక్రం వస్తే చాలు, పక్కలు చూడక్కర్లేదు. కాని నేనేమో ప్రతి కుడి మలుపుకీ దిగిపోయేదాన్ని. రెండుసార్లు వెనక నుంచి వచ్చి నన్ను గుద్దబోయారు. "నీతో కాదు గాని, నేనే ముందుంటా, యల్లా, పద పద," అని రెండోరోజు ముందుకెళ్ళిపోయారు. నాకు కుడి మలుపు రానందుకు అప్పుడు సిగ్గేసింది.

ఆ నది గురించి ఎవరన్నా అడిగితే నేను చెప్పగలిగేది తక్కువ. నేను నదిని చూడలేదు. పోప్లర్ చెట్ల వెనక అప్పుడప్పుడూ మెరిసేదట, ఆయన చెప్పేవారు. నేను చూసినదల్లా ఆయన వీపు, ఆయన కుడిపక్కన ఉన్న నేల. పియాచెంజా దాటాక గట్టుకి ఎడమన నది, కుడిన పొలాలు. ఆ పొలాల్లోంచి గట్టు మీదికి ఎక్కే వాలు దారులు కిలోమీటరుకి ఒకటో రెండో ఉండేవి. ప్రతిదాని దగ్గరా ఏదన్నా వస్తోందేమోనని కిందిదాకా చూసేదాన్ని. ఏదీ వచ్చేది కాదు. అది దాటగానే ఇంకోదాని కోసం వెతకడం. మధ్యాహ్నానికి మెడ పట్టేసింది.

మూడోరోజు నాలుగు గంటలప్పుడు వచ్చింది. ఎర్ర ట్రాక్టరు, వెనక గడ్డిమోపుల బండి, వాలు దారి మీద గట్టెక్కుతోంది. మా ఆయన దానికి ఇరవై గజాల్లో ఉన్నారు. నేను ఆయనకి వెనక ఇంకో యాభై గజాలు. ఆ ఇంజను చప్పుడు గాలికి అటు కొట్టుకుపోతోంది. ఆయన తల తిప్పలేదు.

నేను అరిచాను. ఊపిరంతా కూడగట్టి, "రైట్! రైట్!" అని అరిచాను.

ఆయన విన్నానన్నట్టు ఎడమ చెయ్యి పైకెత్తి ఊపారు. ఊపి, పెడళ్ళ మీద లేచి నిలబడి, ఇంకా గట్టిగా తొక్కారు.

నా నోటితో నేనేం చేశానో అప్పుడు అర్థమైంది. ఆపడానికి ఇంకో మాట దొరకలేదు. ట్రాక్టరు గట్టిగా బ్రేకు వేసి ఒక పక్కకి ఒరిగి ఆగింది. దాని ముందు చక్రానికి ఆయన సైకిల్ వెనక చక్రం తగిలి, ఆయన ఎడమవైపు గడ్డిలోకి విసిరినట్టు పడి, గట్టు వాలు మీద కొంత దూరం దొర్లి ఆగారు. నేను సైకిల్ ఎక్కడ పడేశానో, ఎలా దిగానో గుర్తు లేదు.

కూర్చునే ఉన్నారు. మోచెయ్యి చీరుకుపోయింది, కళ్ళజోడు గడ్డిలో ఉంది. నన్ను చూసి, కోపంగా కాదు, ఆశ్చర్యంగా అడిగారు.

"నువ్వు రైట్ రైట్ అన్నావుగా?"

"కుడిపక్క ట్రాక్టరొస్తోందని అన్నానండీ! రైట్ అంటే కుడి!"

"ఖాళీగా ఉంది, పొమ్మన్నావనుకున్నా."

ట్రాక్టరు నడుపుతున్న ఆవిడ దిగి వచ్చింది. అరవై ఏళ్ళుంటాయి, తలకి రుమాలు కట్టుకుంది. ముందు ఏదో పెద్దగా తిట్టింది. తర్వాత ఆయన మోచెయ్యి చూసి, తిట్టడం ఆపి, సీసాలో నీళ్ళు తెచ్చి కడిగింది. "పియానో, పియానో," అంటూనే ఉంది. మెల్లగా అని అర్థమట, ఆ సాయంత్రం హోటల్లో చెప్పారు. మేం లేచి నిలబడేదాకా ఉండి, సైకిల్ని గట్టు మీదికి తెచ్చిపెట్టి వెళ్ళింది. ఆమెకి మేం ఏ భాషలోనూ సరిగ్గా క్షమాపణ చెప్పలేకపోయాం.

ఆమె వెళ్ళాక నేను అడిగాను. జవాబు తెలిసే అడిగాను.

"అంత పెద్ద ట్రాక్టరు. కనబడలేదా మీకు?"

ఆయన కళ్ళజోడు చొక్కాతో తుడిచారు. చాలాసేపు తుడిచారు.

"ఆ పక్క నాకేం కనబడదు," అన్నారు. "కుడి కన్ను పోయింది. ఎడమది బానే ఉంది, చుక్కలేసుకుంటే నిలబడుతుందన్నాడు. ఇంట్లో కారు పెట్టేప్పుడు కూడా నేను చూసి తిప్పడం మానేసి చాన్నాళ్ళయింది. నీ మాట విని తిప్పుతున్నా."

నాకు ఆ విరిగిన అద్దం కళ్ళ ముందుకొచ్చింది. నేను ఫోన్ చూసుకుంటూ అన్న రైట్ రైట్‌ని నమ్మి ఆ మనిషి వెనక్కి వస్తున్నారు.

"నాకు తెలుసండీ," అన్నాను. "చుక్కల సీసా దొరికిన రోజే తెలుసు."

అప్పుడు కోపమొచ్చింది ఆయనకి. "తెలిసి ఊరుకున్నావా?"

"మీరు చెప్పకుండా ఊరుకోలా?"

"నేను చెప్తే నువ్వు భయపడి చస్తావని."

"చెప్పకపోతే మాత్రం! ఏడు నెలల్నుంచి ప్రతి శుక్రవారం చస్తూనే ఉన్నా. తెలిసి పంపించాను మిమ్మల్ని. ఏమన్నా అయ్యుంటే నేనే పంపించినట్టు." అంతవరకూ గట్టిగా అని, అక్కడే గడ్డిలో కూలబడి ఏడ్చేశాను. ఆయన నా పక్కకి జరిగి కూర్చున్నారు. నది అక్కడి నుంచి బాగా కనబడుతోంది. అప్పుడు చూశాను దాన్ని. గోదావరిలా లేదు, అంతకన్నా చిన్నది, బురద రంగు.

మిగిలిన మూడు రోజులు నేనే ముందు. కుడి మలుపుల దగ్గర దిగడం కుదరలేదు, దిగితే వెనక నుంచి వచ్చి గుద్దేస్తారు కాబట్టి. మొదటిసారి గడ్డిలోకి పోయాను, రెండోసారి ఒకరి ఇంటి గేటు దాకా పోయాను. మూడోసారికి వచ్చేసింది. దారంతా అరుస్తూనే ఉన్నాను. కుడిపక్క ఖాళీ, కుడిపక్క కారు, ఎడమన సైకిళ్ళు, ముందు గొయ్యి. రైట్ అన్న మాట మాత్రం ఇద్దరం మానేశాం. అనుకున్న ఊరు చేరలేదు. చివరి యాభై కిలోమీటర్లు రైల్లో వెళ్ళాం, ఆయన మోచెయ్యి వాచింది.

అబుదాబిలో దిగిన మర్నాడు ఆదివారం. సోమవారం పొద్దున ఆయన డ్యూటీలో ఉండాలి. కంపెనీ డాక్టరుకి తనే ముందుగా చెప్తానన్నారు. ఏమంటారో తెలియదు. వేరే పని ఇవ్వచ్చు, ఇవ్వకపోవచ్చు. మధ్యాహ్నం భోంచేశాక కారు తాళాలు డైనింగ్ టేబుల్ మీద, నా కంచం పక్కన పెట్టారు.

నాకు లైసెన్సు ఉంది. నాలుగోసారికి వచ్చింది. దానితో నేను వెళ్ళింది స్కూలుకీ, కూరల మార్కెట్‌కీ మాత్రమే. రువైస్ దాకా ఎప్పుడూ నడపలేదు. ఊరు దాటేసరికి పక్క వరసలో లారీలు, ఒకదాని వెనక ఒకటి. నేను గంటకి తొంభై దాటకుండా, ఊపిరి లెక్కపెట్టుకుంటూ పోతున్నాను.

"నీకో సంగతి తెలుసా," అన్నారు ఆయన. "నడిపేప్పుడు పై పెదవి కొరుకుతావ్."

"మీరెప్పుడు చూశారు?"

"ఇప్పుడే. ఇన్నాళ్ళూ నువ్వు నాకు కుడిపక్కన కూర్చునేదానివి."

మన దేశంలో కారులో భార్య ఎడమపక్కన ఉంటుంది. ఇక్కడ స్టీరింగ్ ఎడమకి కాబట్టి, నేను ఆయనకి ఎప్పుడూ కుడిపక్కనే. స్కూలు సెలవుల్లో ఆ రోడ్డు మీద పక్కన కూర్చుని కబుర్లు చెబుతూ, నారింజ తొనలు వలిచి ఇస్తూ ఎన్నిసార్లు ప్రయాణం చేశానో. ఎప్పటి నుంచి ఆయనకి నేను కనబడటం మానేశానో అడగాలనుకున్నాను. ముందు ఒక లారీ బ్రేకు వేసింది, అడగలేదు.

ఇంకో రెండు గంటల తర్వాత రువైస్ బోర్డు వచ్చింది. కుడివైపు వరసలోకి మారి, రోడ్డు దిగాలి. అద్దంలో చూశాను. ఒక ట్యాంకరు, దాని వెనక ఏముందో తెలియడం లేదు. అలవాటు కొద్దీ నోట్లోంచి వచ్చేసింది.

"కుడిపక్క చూస్తారా?"

అన్నాక నాలుక కరుచుకున్నాను. ఆయన సీటు బెల్టు కొంచెం వదులు చేసుకుని, నడుము దగ్గర్నుంచి పూర్తిగా కుడివైపుకి తిరిగి, ఆ ఎడమ కంటితో కిటికీలోంచి వెనక్కి చూశారు. ట్యాంకరు మమ్మల్ని దాటి వెళ్ళింది. వెనక ఎవరో హారన్ కొట్టారు. ఆయన తొందరపడలేదు. ఇంకా చూస్తూనే ఉన్నారు. నేను అద్దంలోకి ఇంకోసారి చూశాను, ఆయనకి తెలియకుండా.

"రైట్, రైట్," అన్నారు.

నేను తిప్పాను.